ఎడమ చేతికి స్మార్ట్‌వాచీ, బీరువాలో హెచ్‌ఎంటీలు

వాచీల పిచ్చి ఉన్నవాళ్ళ దగ్గర స్మార్ట్‌వాచీ ఊసెత్తితే సాధారణంగా రెండే మాటలు వినిపిస్తాయి. అదసలు వాచీయే కాదు, చేతికి కట్టుకున్న ఫోను అని కొందరు. ఒకసారి అలవాటైతే పాత వాచీలు మళ్ళీ ఎవరు పెట్టుకుంటారు అని ఇంకొందరు. నేను చిన్నప్పటి నుంచీ కీ ఇచ్చే వాచీలతో పెరిగిన మనిషిని, బీరువాలో ఒక అర మొత్తం వాటిదే, అయినా చాలాకాలంగా రోజూ కాలేజీకి స్మార్ట్‌వాచీ పెట్టుకునే వెళ్తున్నాను. ఈ రెండు మాటల్లో ఏదీ నా అనుభవానికి సరిపోలేదు. అందుకే కొంచెం వివరంగా రాద్దామనిపించింది.

మా బాపు రైల్వేలో గార్డు, కాజీపేట జంక్షన్. గార్డు ఇంట్లో టైముకి ఎంత విలువుంటుందో వేరే చెప్పక్కర్లేదు. పొద్దున స్నానం కాగానే వాచీకి కీ ఇచ్చేవాడు, తర్వాత రేడియోలో వార్తలకు ముందు వచ్చే పిప్‌పిప్ శబ్దాలకి సెకన్ల ముల్లు ఎంత ముందుందో ఎంత వెనకుందో చూసుకునేవాడు. నల్ల డయల్ ఉన్న హెచ్‌ఎంటీ పైలట్ అది. కొన్నాళ్ళకి ఆ కీ ఇచ్చే పని నాకు అప్పగించాడు. మొదట్లో కీ తేలిగ్గా తిరుగుతుంది, చివరికొచ్చేసరికి గట్టిపడుతుంది, అక్కడ ఆపెయ్యాలి. వేలి కొసకి తెలిసే ఆ గట్టిదనం నాకిప్పటికీ ఇష్టం. చెవి దగ్గర పెట్టుకుంటే లోపల సెకనుకి ఐదుసార్లు కొట్టుకునే చప్పుడు. గంటకి 18,000 సార్లు. తర్వాత ఫిజిక్స్ చదివి, హనుమకొండలో జూనియర్ కాలేజీలో అదే పాఠం చెప్పుకుంటూ బతుకుతున్నానంటే దానికి మూలం ఆ చప్పుడేనని నేను గట్టిగా నమ్ముతాను. సరళ హరాత్మక చలనం పాఠం వచ్చిన రోజు ఇప్పటికీ వెనకమూత గాజుతో ఉన్న ఒక ఆటోమేటిక్ వాచీ క్లాసుకి తీసుకెళ్తాను, లోపల బ్యాలెన్స్ వీల్ అనే చిన్న చక్రం అటూ ఇటూ ఊగుతుంటే పిల్లలు చేతులు మార్చుకుంటూ చూస్తారు.

మనవాళ్ళకి వాచీతో ఉన్న బంధం పెద్దది. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో బెంగళూరులో హెచ్‌ఎంటీ వాచీల ఫ్యాక్టరీ పెట్టారు, 1963లో నెహ్రూ చేతుల మీదుగా మొదటి వాచీలు బయటికొచ్చాయి. జనతా, పైలట్, కోహినూర్, సోనా, కాంచన్ అని పేర్లు. పెళ్ళిలో అల్లుడికి వాచీ పెట్టకపోతే అలకపాన్పు దిగని రోజులు చూసినవాళ్ళు ఇంకా మన ఇళ్ళల్లో ఉన్నారు. ఫ్రిజ్‌లు, బస్సు బాడీలు చేసిన మన హైదరాబాద్ ఆల్విన్ కూడా 1980ల్లో సీకో సాంకేతిక సాయంతో వాచీలు చేసింది, ఈ సంగతి మా కాలేజీలో కుర్ర లెక్చరర్లకి చెప్తే నమ్మరు. కరీంనగర్, నిజామాబాద్ వైపు గల్ఫ్ నుంచి ఎవరొచ్చినా సంచిలో ఒక క్యాసియో, ఒక సీకో ఫైవ్ ఉండాల్సిందే. ఆడవాళ్ళ వాచీలు మాత్రం మరీ చిన్న డయళ్ళతో వచ్చేవి, బస్సులో కూర్చుని చూస్తే అంకెలు కనిపించేవి కావు. నేను అందుకే మొదటి నుంచీ మగవాళ్ళ సైజు జనతాయే పెట్టుకున్నాను. 35 మిల్లీమీటర్ల డయల్. "మగవాళ్ళ వాచీ పెట్టుకున్నవేందే" అని అడగని చుట్టం లేదు.

ఇక స్మార్ట్‌వాచీ సంగతి. షుగర్ అంచుల్లో ఉంది, రోజూ నడవాలి అని డాక్టరమ్మ చెప్పింది. నడుస్తున్నానో లేదో లెక్క ఉంటే బాగుంటుందనుకున్నాను. దానితో పాటు, వాచీ అన్నది ఏ రూపంలో వచ్చినా ఒకసారి చేతికి పెట్టుకుని చూడాలన్న కుతూహలం నాకు ఎప్పుడూ ఉంది.

మొదట ఇబ్బంది పెట్టింది టైం చూడటమే. చెయ్యి ఎత్తితే వెలుగుతుంది, దించితే ఆరిపోతుంది. స్కూటీ హ్యాండిల్ మీద చెయ్యి ఉంచి కళ్ళతోనే చూద్దామంటే నల్లటి అద్దం. ఇది కొత్త జబ్బేం కాదు. 1972లో హామిల్టన్ వాళ్ళు పల్సర్ అని ఎర్ర అంకెల ఎల్‌ఈడీ వాచీ తెచ్చారు, అందులోనూ బటన్ నొక్కితేనే టైం కనిపించేది, ఎప్పుడూ వెలుగుతూ ఉంటే బ్యాటరీ తట్టుకోదు కాబట్టి. అంటే రెండో చెయ్యి ఖాళీగా ఉంటేనే టైం. యాభై ఏళ్ళు దాటినా చేతి మీద తెర వెలగాలంటే కరెంటు ఎక్కణ్ణించి తేవాలన్న సమస్య అదే. ఇప్పుడు నా వాచీలో తెర ఎప్పుడూ మసకగా వెలిగుండే సౌకర్యం ఉంది, అది ఆన్ చేసి పెట్టాను, దానివల్ల రోజున్నరకే చార్జింగ్ అయిపోతుంది. అయినా అది ఆఫ్ చెయ్యను. అడక్కుండా టైం చూపించలేని వస్తువుని నేను చేతికి కట్టుకోలేను.

తెర మీద అంకెల ముఖం, అంటే అంకెల డయల్ కూడా నాకు పనికిరాలేదు. 11:50కి పీరియడ్ ముగియడానికి ఇంకెంత సేపుందో ముళ్ళ వాచీలో చూడగానే తెలుస్తుంది, పెద్ద ముల్లుకీ పదికీ మధ్య ఎంత జాగా ఉందో అదే మిగిలిన టైం. 11:38 అని చూస్తే మనసులో తీసివేత చెయ్యాలి. రోజంతా బెల్లుల మధ్య బతికే మనిషికి ఆ తేడా పెద్దది. అందుకని ముళ్ళున్న ముఖమే పెట్టుకున్నాను, చూడముచ్చటగానే గీశారు. కానీ ముల్లుకి నీడ లేదు. జనతాలో పొద్దుటి ఎండ పక్క నుంచి పడితే సెకన్ల ముల్లు నీడ డయల్ మీద దానితో పాటే నడుస్తుంది. అది ఎంత చిన్న విషయమో, లేనప్పుడు అంత వెలితిగా ఉంటుంది.

లోపలికెళ్తే మాత్రం బంధుత్వం బయటపడుతుంది. స్మార్ట్‌వాచీలో కూడా టైం లెక్కపెట్టేది సెకనుకి 32,768 సార్లు కంపించే చిన్న క్వార్ట్జ్ స్ఫటికమే. మన గోడగడియారంలో ఉన్నదీ అదే. ఒకటిని రెండుతో పదిహేనుసార్లు గుణిస్తే వచ్చే సంఖ్య అది, కాబట్టి పదిహేనుసార్లు సగం చేసుకుంటూ పోతే సరిగ్గా సెకనుకి ఒక్క తట్టు మిగులుతుంది. పిల్లలు బోర్డు మీద ఇది చేసి చూసి, చివర్లో ఒకటి రాగానే ఒక్కసారి కేక పెడతారు. ఆపైన స్మార్ట్‌వాచీ ఫోను ద్వారా నెట్‌వర్క్ టైముతో సరిచూసుకుంటూ ఉంటుంది. మనదేశానికి అసలు టైం ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో సీజియం అణు గడియారాల దగ్గర ఉంటుంది. నా జనతా రోజుకి అర నిమిషం అటూ ఇటూ పోతుంది. ఈ విషయంలో పోటీ లేదు, ఒప్పుకోవాలి.

నాకు స్మార్ట్‌వాచీ మీద నిజంగా ప్రేమ పుట్టింది మాత్రం సూర్యుడి ముఖం పెట్టుకున్న రోజున. అందులో ఒక గీత మీద సూర్యుడు నడుస్తుంటాడు. ఉదయం, అస్తమయం, నడినెత్తికి వచ్చే వేళ, అన్నీ మనమున్న చోటుకి లెక్కగట్టి చూపిస్తుంది. మన దేశపు టైము 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది. ఆ గీత యూపీలో మీర్జాపూర్ దగ్గర నుంచి మన కాకినాడ వైపుగా పోతుంది. హనుమకొండ దానికి సుమారు మూడు డిగ్రీలు పడమర, డిగ్రీకి నాలుగు నిమిషాలు, కాబట్టి ఆ గీత మీద సూర్యుడు నడినెత్తికి వచ్చిన సుమారు పన్నెండు నిమిషాలకి గానీ మాకు రాడు. దీనికి తోడు భూమి కక్ష్య సరిగ్గా గుండ్రంగా లేకపోవడం, ఇరుసు వాలి ఉండటం వల్ల ఏడాది పొడవునా ఇంకో తేడా కలుస్తూ ఉంటుంది. ఫిబ్రవరి నడిమికి మా ఊళ్ళో అసలు మధ్యాహ్నం 12:26కి, నవంబరు మొదట్లో 11:55కే. అరగంట ఊగుతుందన్నమాట. దీన్ని చూపించే ముల్లు వాచీలో పెట్టాలంటే దాని కోసం ప్రత్యేకంగా చెక్కిన కిడ్నీ ఆకారపు చక్రం కావాలి, ఏడాదికి ఒక్కసారి తిరుగుతుంది, అలాంటి వాచీలు స్విట్జర్లాండ్‌లో గొప్ప గొప్ప కంపెనీలు చేస్తాయి, ధర లక్షల్లో. నా జీవితంలో కొనేది లేదు. అదే సంగతి నా చేతి మీద రోజూ ఉచితంగా కనిపిస్తోంది. కాలేజీ ఆవరణలో కర్ర పాతి నీడ పొట్టిగా అయ్యే వేళ కొలవమని పిల్లలకి చెప్పాను, వాళ్ళు కొలిచింది వాచీ చెప్పినదానికి నిమిషం తేడాతో వచ్చింది. ఆ మధ్యాహ్నం స్టాఫ్ రూమ్‌లో అందరికీ చెప్పుకుంటూ తిరిగాను.

చంద్రుడి సంగతీ అంతే. చంద్రుడి కళలు చూపించే మామూలు మూన్‌ఫేజ్ వాచీలో 59 పళ్ళ చక్రం ఉంటుంది, రోజుకో పన్ను చొప్పున రెండు చాంద్రమాసాలకి ఒక చుట్టు, అంటే నెలకి ఇరవై తొమ్మిదిన్నర రోజులు లెక్క. నిజం చాంద్రమాసం అంతకంటే ముప్పావుగంట ఎక్కువ, ఆ తేడా పోగుపడి రెండున్నరేళ్ళు దాటేసరికి ఒక రోజవుతుంది. 135 పళ్ళ చక్రం పెడితే 122 ఏళ్ళకి గానీ ఒక రోజు తేడా రాదు. ఆ పళ్ళు కోసినవాళ్ళకి దండం పెట్టాలి. స్మార్ట్‌వాచీకి ఈ బాధ లేదు, లెక్క కడుతుంది. నాకు రెండూ కావాలి.

ఇక రోజువారీ బతుకు. ఆడవాళ్ళు స్మార్ట్‌వాచీ పెట్టుకుంటే వచ్చే చిక్కులు ఏ రివ్యూలోనూ రాయరు, కాబట్టి నేను రాస్తాను. గాజులు. ఎడమ చేతికి వాచీ, కుడి చేతికి గాజులు అన్నది మామూలు రోజుల లెక్క, పండగకీ పెళ్ళికీ రెండు చేతులకీ గాజులుండాలి కదా. అవి జారి తెర మీద పడతాయి, అది స్పర్శ అనుకుని వాచీ మేలుకుంటుంది, పాటలు ఆగుతాయి, టైమర్లు మొదలవుతాయి. ఒకసారి పెళ్ళిలో అక్షింతలు వేస్తుంటే గాజులు పక్క బటన్ని నొక్కి పట్టుకున్నాయి, ఎమర్జెన్సీ కాల్ వెళ్ళబోతోందని సైరన్ మొదలైంది, పంతులుగారితో సహా అందరూ నావైపే. తర్వాత సెట్టింగుల్లో వెతికి వాచీని తిరగేసి పెట్టుకున్నాను, బటన్ ఇప్పుడు మోచేతి వైపు వస్తుంది. వాచీల లోకంలో ఎడమ పక్క కీ ఉన్న వాచీలకి డెస్ట్రో అని పేరుంది, కొన్ని కంపెనీలు వాటిని ప్రత్యేకంగా చేస్తాయి. ఇక్కడ ఒక్క సెట్టింగుతో అయిపోయింది. అది బాగుంది.

వంటింట్లో మాత్రం ఇది ఓడిపోతుంది. ఇడ్లీ కుక్కర్ పెట్టి టైమర్ పెడదామంటే చేతికి పిండి, లేదా తడి. తడి తెర మీద వేలు పెడితే నీళ్ళకీ వేలికీ తేడా తెలీక అది ఎటో పోతుంది. నా దగ్గర ఒక క్యాసియో డ్యూరో ఉంది, సముద్రంలో ఈదేవాళ్ళ కోసం చేసిన రకం, అద్దం చుట్టూ తిరిగే రింగు ఉంటుంది. రింగు మీది గుర్తుని పెద్ద ముల్లుకి ఎదురుగా పెట్టామా, అయిపోయింది, ఎన్ని నిమిషాలైందో రింగు మీదే కనిపిస్తుంది. పిండి చేత్తోనైనా తిరుగుతుంది, తర్వాత కుళాయి కింద పెట్టి కడిగెయ్యొచ్చు. ఆ రింగు ఒకవైపే తిరుగుతుంది, ఎందుకంటే నీళ్ళ కింద పొరపాటున కదిలినా గాలి తక్కువే మిగిలిందని చూపాలి గానీ ఎక్కువుందని చూపకూడదు. మనిషి ప్రాణం మీద అంత ఆలోచన పెట్టి చేసిన వస్తువు నా ఇడ్లీలకి కాపలా కాస్తోంది. ఆదివారం వంటకి అదే.

మే నెలలో ఇంకో బాధ. మా వరంగల్ ఎండ సంగతి తెలుసు కదా. వాచీతో వచ్చిన సిలికాన్ బెల్టు కింద చెమట పట్టి చర్మం ఎర్రగా కమిలిపోయింది. నైలాన్ బెల్టు మార్చాక తగ్గింది. కొనేవాళ్ళు ఆ ఖర్చు కూడా కలుపుకోండి.

సద్దుల బతుకమ్మ రోజు జరిగింది చెప్పకపోతే ఈ పోస్టు పూర్తి కాదు. వేయిస్తంభాల గుడి దగ్గర ఆడుతున్నాం, చప్పట్లు కొడుతూ వంగి లేస్తూ తిరుగుతుంటే చేతికి గురగురమని వణుకు. వ్యాయామం చేస్తున్నట్టున్నారు, రికార్డు చెయ్యాలా అని అడుగుతోంది. పక్కనున్న పెద్దమ్మ చూసి, "ఏందే, ఏమంటాంది అది?" అంది. ఎక్సర్‌సైజ్ చేస్తున్నావా అని అడుగుతోంది పెద్దమ్మా అన్నాను. "బతుకమ్మ ఆడుతున్నమని చెప్పు" అంది. జాబితాలో యోగా ఉంది, క్రికెట్ ఉంది, డాన్స్ ఉంది. డాన్స్ నొక్కాను. ఆ రాత్రి లెక్క చూస్తే నేను పొద్దున కష్టపడి నడిచే నడక ఏ మూలకీ రాదు. మన అమ్మమ్మలు తొమ్మిది రోజులు వరసగా ఆడేవాళ్ళు, వాళ్ళ గుండెలు ఎంత గట్టివో ఆ గ్రాఫు చూసినప్పుడు నాకు అర్థమైంది.

లెక్కల గురించి వచ్చింది కాబట్టి చెప్తాను. రోజుకి పదివేల అడుగులు అన్న సంఖ్యని జనం వేదవాక్కులా పట్టుకున్నారు. టోక్యో ఒలింపిక్స్ మరుసటి ఏడాది, 1965లో, జపాన్‌లో యమసా అనే కంపెనీ అడుగులు లెక్కపెట్టే పరికరాన్ని పదివేల అడుగుల మీటర్ అన్న పేరుతో అమ్మింది, ఆ సంఖ్య ప్రపంచమంతా పాకింది అక్కణ్ణించే. అదేమీ వైద్యులు కొలిచి నిర్ణయించిన హద్దు కాదు. నడవడం మంచిదే, ఎంత నడిస్తే అంత మంచిదే, కానీ తొమ్మిది వేల చిల్లర దగ్గర ఆగిందని రాత్రి పదింటికి హాల్లో అటూ ఇటూ తిరిగేవాళ్ళని చూస్తే బాధేస్తుంది. చేతికి కట్టిన యంత్రం చెయ్యి ఊపునే కొలుస్తుంది. కూరగాయల సంచి పట్టుకుని నడిస్తే తక్కువ చూపిస్తుంది, చపాతీ పిండి పిసికితే కొన్ని అడుగులు కలుపుతుంది.

నిద్ర స్కోరు మాత్రం నేను పూర్తిగా మానేశాను. పొద్దున లేవగానే బాగా పడుకున్నాననిపించేది, వాచీ చూస్తే అరవై మార్కులు, ఇక ఆ రోజంతా టెన్షన్. పిల్లలకి మార్కులేసే మనిషిని, మార్కులు మనిషిని ఏం చేస్తాయో నాకు తెలుసు. ఇప్పుడు రాత్రి దాన్ని చార్జింగ్‌కి పెట్టి పడుకుంటాను.

గుండె లెక్క మాత్రం పనికొచ్చింది. వెనకవైపు ఆకుపచ్చ లైట్లు మెరుస్తుంటాయి చూశారా, రక్తం ఆకుపచ్చ వెలుగుని పీల్చుకుంటుంది, గుండె కొట్టినప్పుడల్లా మణికట్టులో రక్తం పెరిగి తిరిగొచ్చే వెలుగు తగ్గుతుంది, ఆ హెచ్చుతగ్గుల్ని లెక్కపెడుతుంది. బెల్టు వదులుగా ఉంటే లెక్క తప్పుతుంది. మొన్న వానాకాలం నేను ఊరికే కూర్చున్నప్పుడు అరవైల్లో ఉండే నాడి ఎనభై దాటి కూర్చుంది, నాకేమీ తెలియలేదు, మర్నాటికి ఒళ్ళు కాలిపోయే జ్వరం. అప్పటి నుంచి దాని మాట వింటాను. అలాగని ఆసుపత్రికి బదులుగా పెట్టుకోవద్దు. కొన్ని వాచీలు ఈసీజీ తీస్తాయి, అది ఒక్క కోణం నుంచే, ఆసుపత్రిలో తీసేది పన్నెండు కోణాల నుంచి. ఛాతీలో నొప్పొస్తే వాచీ వైపు చూస్తూ కూర్చోకండి, ఆటో పిలవండి.

మెసేజీలన్నీ ఆపేశాను. దీనికి కారణం ఒక్క నిమిషం. క్లాసు అయ్యాక ఒకమ్మాయి తరంగాల పాఠంలో డౌటు అడుగుతోంది, చాలా నెమ్మదిగా మాట్లాడే పిల్ల, ఎప్పుడూ ఏమీ అడగదు. మధ్యలో చెయ్యి వణికింది, కళ్ళు అటు పోయాయి, కాలేజీ వాట్సాప్ గ్రూపులో ఎవరో గుడ్ మార్నింగ్ పూలబొమ్మ. తలెత్తేసరికి ఆ అమ్మాయి నోట్‌బుక్ మూసేసి "లేట్ అవుతోందా మేడమ్, రేపు అడుగుతా" అంటోంది. కూర్చోబెట్టి చెప్పాననుకోండి, కానీ ఆ సాయంత్రమే అన్నీ ఆఫ్. ఇంటి నుంచి వచ్చే ఫోన్ కాల్ ఒక్కటే చేతికి తెలుస్తుంది. స్మార్ట్‌వాచీ కొన్నవాళ్ళెవరైనా మొదటి గంటలోనే చెయ్యాల్సిన పని ఇది.

పరీక్షల సీజన్లో దానికి సెలవు. ఇంటర్ పరీక్షల డ్యూటీకి ఫోను గానీ స్మార్ట్‌వాచీ గానీ తీసుకెళ్ళే వీల్లేదు. నీట్ రాసే పిల్లలకైతే ఏ రకం వాచీ అయినా నిషేధమే, గోడగడియారమే దిక్కు. ఆ రోజుల్లో బాపు పైలట్ నా చేతికొస్తుంది. మూడు గంటలు నిశ్శబ్దంగా ఉన్న హాల్లో వరసల మధ్య నడుస్తుంటే మణికట్టు చెవికి దగ్గరగా వచ్చినప్పుడు ఆ చప్పుడు వినిపిస్తుంది. దేన్నీ ఎవరికీ పంపని, ఎవరి నుంచీ ఏదీ తీసుకోని వస్తువు కాబట్టే దాన్ని లోపలికి రానిస్తున్నారు. నాకది గర్వంగా ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను, నేను స్మార్ట్‌వాచీని ఎంత వాడినా నా వాచీల అరలో దానికి చోటివ్వలేకపోవడానికి కారణం. నా మొదటి స్మార్ట్‌వాచీ బ్యాటరీ నీరసించిపోయింది, మధ్యాహ్నానికే చచ్చిపోయేది. తెర బాగుంది, లోపల అంతా బాగుంది. సర్వీసు సెంటర్‌కి తీసుకెళ్తే కౌంటర్లో కుర్రాడు ఇటు తిప్పి అటు తిప్పి, ఈ మోడల్‌కి బ్యాటరీ రావట్లేదు మేడమ్, ఎక్స్‌చేంజ్‌లో కొత్తది తీసుకోండి అన్నాడు. తెరిచి కూడా చూడలేదు. తెరవడానికి స్క్రూలు లేవు, మొత్తం జిగురుతో అతికించారు.

అదే వారం పైలట్‌ని చౌరస్తా దగ్గర చాచా కొట్టుకి తీసుకెళ్ళాను, వెనకబడి నడుస్తోందని. కొట్టంటే గోడకి ఆనించిన ఒక అద్దాల పెట్టె, ఒక స్టూలు, ఒక టేబుల్ లైటు. కంటికి భూతద్దం బిగించుకుని వెనకమూత తీశాడు. మూత లోపలి వైపు సన్నగా గీసిన అంకెలు, అక్షరాలు నాకు చూపించాడు. సర్వీసు చేసిన ప్రతి మెకానిక్ తేదీ, తన గుర్తు అక్కడ సూదితో గీసి పెడతారు. ఒకటి కాజీపేటలో బాపు ఎవరికో ఇచ్చినప్పటిది, ఒకటి ఈ చాచాదే, పాతది. "నూనె ఎండిపోయింది బేటీ, అంతే" అన్నాడు. ఒక్కో చక్రం పట్టకారుతో తీసి పెట్రోల్‌లో కడిగి, మళ్ళీ బిగించి, చక్రాల ఇరుసులు ఆనే చిన్న రాళ్ళ దగ్గర సూది మొనతో నూనె చుక్క అంటించాడు. చుక్క ఎంతంటే నాకు కనిపించలేదు. బ్యాలెన్స్ వీల్ పెట్టీ పెట్టగానే దానంతటదే ఊగడం మొదలెట్టింది, నా గుండె ఆగి కొట్టుకున్నట్టయింది. మూత పెట్టేముందు ఆ రోజు తేదీ గీశాడు.

2016లో హెచ్‌ఎంటీ వాచీల కంపెనీని మూసెయ్యాలని కేంద్రం నిర్ణయించింది. చేసిన కంపెనీ పోయింది, చేతులు మాత్రం ఉన్నాయి, పాత వాచీల నుంచి తీసిన విడిభాగాలు ఉన్నాయి, కాబట్టి పైలట్ నడుస్తోంది. స్మార్ట్‌వాచీకి కంపెనీ బతికున్నా బ్యాటరీ దొరకలేదు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఆగిపోయాయి, ఫోను మారిస్తే కొత్త ఫోను దాన్ని గుర్తుపట్టలేదు. నాకు దీని మీద నిజంగా కోపం ఉంది. ఎందుకంటే ఆ వస్తువు మంచిది. సూర్యుణ్ణి చూపించింది, జ్వరాన్ని ముందే పసిగట్టింది. అంత తెలివైనదాన్ని తయారుచేసి, ఒక చిన్న బ్యాటరీ మార్చుకునే దారి ఉంచకపోవడం అన్యాయం.

యూరప్‌లో 2027 ఫిబ్రవరి నుంచి ఇలాంటి పరికరాల్లో బ్యాటరీ తీసి మార్చుకునేలా ఉండాలని చట్టం చేశారు, కొన్ని మినహాయింపులు ఉన్నాయి. మన దగ్గర 2022 డిసెంబరులో వినియోగదారుల శాఖ రైట్ టు రిపేర్, అంటే రిపేరు చేయించుకునే హక్కు, అన్న పేరుతో ఒక పోర్టల్ మొదలుపెట్టింది, కంపెనీలు రిపేరు సమాచారం అందులో పెట్టాలని. అది నా వాచీ దాకా రావాలి. వెనకమూతకి నాలుగు స్క్రూలు, బజార్లో దొరికే సైజు సెల్లు, లేదా కనీసం కంపెనీ అమ్మే సెల్లు, ఇంతే అడుగుతున్నాను. చాచాకి స్మార్ట్‌వాచీ చూపించి ఇలా తెరుచుకునేట్టుంటే మార్చగలవా అని అడిగాను. తిప్పి చూసి, "మనిషి చేసిందే కదా, తెరుచుకుంటే చేస్తా" అన్నాడు.

పిల్లలు ఏ వాచీ కొనాలి మేడమ్ అని అడుగుతుంటారు. బ్లూటూత్ కాలింగ్, వంద ముఖాలు అని బాక్సు మీద రాసున్న రెండు వేల రూపాయల వాచీల మీద వాళ్ళ కళ్ళుంటాయి. వాటిలో గుండె, ఆక్సిజన్ లెక్కల్ని నమ్మొద్దని చెప్తాను. డబ్బులు తక్కువుంటే క్యాసియో ఎఫ్-91డబ్ల్యూ కొనుక్కోండి, 1989 నుంచి అదే రూపంలో వస్తోంది, ఒక సెల్లు వేస్తే ఏళ్ళ తరబడి చూసుకోనక్కర్లేదు, సెల్లు మార్చడం ఏ కొట్టులోనైనా అవుతుంది. ఇంట్లో ఎవరిదైనా పాత కీ వాచీ ఆగిపోయి పడుంటే ముందు దాన్ని నూనె వేయించమంటాను. నడక, గుండె లెక్క కావాల్సిన వయసు వచ్చినవాళ్ళు స్మార్ట్‌వాచీ కొనుక్కోవచ్చు, కానీ కొనేముందు కౌంటర్లో ఒక్క ప్రశ్న అడగండి: ఈ మోడల్‌కి మూడేళ్ళ తర్వాత బ్యాటరీ మారుస్తారా, ఎంతవుతుంది, కాగితం మీద రాసిస్తారా. నేను రెండోది కొన్నప్పుడు అడిగాను. రాసిచ్చిన చోటే కొన్నాను.